సడ్డకుని మదర్‌బోర్డు

నాకు కుళ్లు. ఇంకొకరు అనేకంటె నేనే చెప్పుకునుడు నయం. మా సడ్డకుని కంప్యూటర్ మీద నాకొచ్చిన కుళ్లు అంతింత గాదు. సడ్డకుడంటే తోడల్లుడు, నా భార్య చెల్లెలి మొగడు. నాకంటె పన్నెండేండ్లు చిన్నోడు.

మాది నల్గొండ దిక్కు. ఎల్బీనగర్‌ల కిరాయికుంటం. దిల్‌సుఖ్‌నగర్‌ల ఒక కోచింగ్ సెంటర్‌ల కంప్యూటర్ ల్యాబ్ చూసుకునుడు నా పని. మా అత్తగారిల్లు చంపాపేట్‌ల ఉంటది. పదిహేనేండ్ల సంది ఆ ఇంట్ల కంప్యూటర్ కొన్నా, ప్రింటర్ కొన్నా, ఆఖరికి మిక్సీ కొన్నా నన్నే తోలుకపోతరు. నేనే ఎంచాలె. ఇంటికి తెచ్చినంక బొట్టు పెట్టి, నా చేత్తోనే మీట నొక్కిపిస్తరు. "మా పెద్దల్లుడిది సల్లని చెయ్యి, ముట్టుకుంటే ఖరాబు కాదు" అంటది మా అత్తమ్మ. ఆ మాట విన్నప్పుడల్ల నాకు ఛాతీ రెండంగుళాలు పెరుగుతది. బయటికి మాత్రం "ఏముంది అత్తమ్మా" అంట.

నా సొంతానికి ఒక పాత కంప్యూటరున్నది. పదేండ్ల కింద ఒక్కొక్క పార్టు తెచ్చి నేనే జోడించిన. కంపెనీవోడు దాని ప్రాసెసర్‌ను మూడున్నర గిగాహెర్ట్జ్ వేగంతోని నడవమన్నడు, నేను నాలుగున్నర మీద నడిపించిన. దీన్నే ఓవర్‌క్లాకింగ్ అంటరు. ఊకెనే నడుస్తదా? వేగం పెంచితే కరెంటు ఎక్కువ తాగుతది, కరెంటు తాగితే వేడెక్కుతది, వేడెక్కితే టక్కున ఆగిపోతది. జర పెంచుడు, పరీక్ష పెట్టుడు, ఆగిపోతే మళ్ల దించుడు. నాకు మూడు వారాలు పట్టింది. "దాన్నే లగ్గం చేసుకోకపోయినవ్, నన్నెందుకు తెచ్చినవ్" అన్నది మా ఇంటామె. అయినా ఆ నాలుగున్నర అంకె తెర మీద కనపడ్డ రోజు వీధి మొత్తానికి చెప్పుకోవాలనిపించింది. చెప్పిన గూడ. ఎవ్వరికీ అర్థం కాలె.

అది అట్ల నడిచిందంటే గొప్పతనం ప్రాసెసర్‌ది గాదు, మదర్‌బోర్డుది. కొనేటోళ్లందరు ప్రాసెసర్ పేరు అడుగుతరు, బోర్డు సంగతి అడగరు. ప్రాసెసర్ కూసునే జాగను సాకెట్ అంటరు, దాని చుట్టూ చిన్న చిన్న నల్ల గడులుంటయి, ప్రాసెసర్‌కు కరెంటు అందించేటివి అవ్వే. అవి ఎక్కువుండాలె, వాటి మీద వేడిని గుంజే మందపాటి అల్యూమినియం దిమ్మలు, అంటే హీట్‌సింక్‌లుండాలె. వేగం పేరు ప్రాసెసర్‌కొస్తది, బరువు మోసేది మాత్రం ఆ గడులు. పెండ్లిల పేరు పిల్ల తండ్రికొచ్చి, అన్నం గంజులు మోసినోణ్ణి ఎవ్వరూ అడగనట్టు. ఈ ఒక్క ముచ్చట తెలిస్తె బోర్డు ఎంచుడు ఒచ్చినట్టే. నాకు తెల్సు. తెల్సినందుకే నేను చేసిన పనికి మాఫీ లేదు.

మా సడ్డకునిది గుంటూరు దిక్కు. మా మరదలిని ఇష్టపడి చేసుకున్నడు. పెండ్లయినప్పటి సంది మా అత్తగారింటి పై అర్రలనే ఉంటరు. మెత్తగ మాట్లాడుతడు, మాటకు ముందొక 'అండీ' వెనకొక 'అండీ'. ఆయనకు మా అత్తమ్మ చేసే మర్యాద చూస్తే నా కడుపు మండేది. ఆయనకు కొత్త స్టీలు కంచం, గాజు గ్లాసు, "అల్లుడు గారు, ఇంకొంచెం ఏసుకోండ్రి". నేను పోతేనేమో "కొడుకా, గిన్నెలున్నయి సూడు, ఏసుకొని తిను". పదిహేనేండ్లల్ల నాకు ఒక్కసారన్న 'గారు' తగిలించిందా? ముందొచ్చిన చెవుల కంటె వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊకెనే అన్నరా!

ఆయన పని చేసే కంపెనీ మూతబడ్డది. కట్టని ఇండ్లను కట్టినట్టు చూపిచ్చే వీడియోలు చేసుడు ఆయనకొచ్చు. గేటు తెరిచి లోపలికి పోయినట్టు, మెట్లెక్కినట్టు, బాల్కనీలకెళ్లి బయటికి చూసినట్టు కనపడ్తది. తుర్కయంజాల్‌ల విల్లాలు కడ్తున్న ఒక బిల్డరు, "ఒక వీడియో చేసి చూపియ్యి, బాగుంటె నా వెంచరు పని మొత్తం నీకే" అన్నడంట. బాగలేకపోతే? గుంటూరు పోయి నాయిన ఎరువుల దుకాణంల కూసునుడే. ఆయన పోతే మా మరదలు గూడ పోతది. ఆ ముచ్చట మా అత్తమ్మ ముందట ఎత్తితే చాలు, కండ్లల్ల నీళ్లు పెట్టుకునేది. అట్లాంటి వీడియో తయారు కావాల్నంటె కంప్యూటరు గంటల కొద్ది ఆగకుండ ఉరకాలె. ఆయన దగ్గరున్న ల్యాప్‌టాప్ తోని అయ్యే పని గాదు.

ఒక ఆదివారం తిన్నంక నా దగ్గరికొచ్చిండు. "అన్నయ్యా, కొత్త సిస్టమ్ జోడిద్దామనుకుంటున్నానండీ. ప్రాసెసర్ తీసేసుకున్నాను. మదర్‌బోర్డు మాత్రం మీరే చెప్పాలి."

ప్రాసెసర్ తీసుకున్నడంట! నన్ను అడగకుండనే! సరే, ఏదని అడిగిన. చెప్పిండు. దాంట్ల పదహారు కోర్లు, నా దాంట్ల నాలుగు. "ఓవర్‌క్లాకింగ్ కూడా చేద్దామండీ, వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఐదు దాటుతుందంటున్నారు" అన్నడు. నాకు మూడు వారాలు పట్టిన విద్య ఆయనకు వీడియోలల్ల ఒచ్చింది. నేను నవ్విన. ఎట్ల నవ్విన్నో నాకే తెల్వదు గని, ఇంటికొచ్చేటప్పుడు బండి మీద మా ఇంటామె "ఎందుకట్ల మొహం మాడ్చుకున్నవ్?" అని రెండు సార్లు అడిగింది.

తెల్లారి ఇద్దరం దిల్‌సుఖ్‌నగర్‌ల నేను ఎప్పుడూ పోయే దుకాణానికి పోయినం. దుకాణమాయన రెండు బోర్డులు తీసి బల్ల మీద పెట్టిండు. ఒకటి నల్లది, దీపాల్లేవు, సోకుల్లేవు, సాకెట్ చుట్టూ మందంగ అల్యూమినియం దిమ్మలు. ఇంకోటి తెల్లది, అంచుల పొంటి రంగు రంగుల దీపాలు, పెండ్లి పందిరి లెక్క మెరుస్తున్నది. సాకెట్ చుట్టూ మాత్రం బోడి. పైన పటారం లోన లొటారం. వేగం పెంచనిస్తది గని బరువు మొయ్యలేదు. ఒక్క చూపుల తెల్సిపోయింది నాకు.

"గీ తెల్లది తీస్కో తమ్మీ" అన్న.

దుకాణమాయన తలకాయెత్తి నన్ను చూసిండు. "సార్, గా ప్రాసెసర్‌కు గీ బోర్డా?"

"చాలు" అన్న.

సడ్డకుడు సాకెట్ పక్కన బోడిగున్న జాగ మీద ఏలు పెట్టిండు. "అన్నయ్యా, ఇక్కడ హీట్‌సింక్ లేదు కదండీ?"

"గవన్ని వీడియోలల్ల చెప్పే ముచ్చట్లు. నేను పదిహేనేండ్ల అనుభవంతోని చెప్తున్న."

ఆయన ఏలు తీసేసిండు. "మీరు చెప్తే ఇంకేముందండీ" అని తెల్లదే కట్టియ్యమన్నడు.

నేనెందుకట్ల చెప్పిన్నో నాకు బాగ తెల్సు. ఆ బోర్డు మీద ఐదు దాటినా నిలబడదు. ఆయన వేగం కూలిపోవాలె, కూలిపోతే నా నాలుగున్నర నాకు మిగులుతది. తుర్కయంజాల్ పని పోతుందని యాదికి లేక గాదు. యాదున్నది. పోతే పోనీ, గుంటూరు పోతే పోనీ అనుకున్న. మా అత్తమ్మ ఏడ్పు గూడ యాదికొచ్చింది, దాన్ని పక్కకు నూకిన.

వారం గాకముందే ఫోను. "అన్నయ్యా, ఒకసారి వచ్చి చూస్తారా?" పోయిన. తెర మీద ఐదు పాయింట్ రెండు. దీపాలేమో అర్ర గోడల మీద ఎర్రగ, నీలంగ పారుతున్నయి. మా అత్తమ్మ గారెలు చేసింది. "ఏందో ఐదు దాటిందంట గద అల్లుడు గారు!" అని మురిసిపోతున్నది. ఆమెకు ఐదేందో తెల్వదు, ఆరేందో తెల్వదు. నా నాలుగున్నరకు గారెలు చేసిందా? కండ్లల్ల నిప్పులు పోసుకున్న. నోటితోని మాత్రం "మస్తుంది తమ్మీ" అన్న. గారె సగం కొరికి పళ్లెంల పెట్టిన.

ఆ దీపాలు కిటికీలకెళ్లి బజారు దాక కనపడ్తుండె. ఎదురింటోళ్లు, పక్కింటోళ్లు "ఏందమ్మా మీ మిద్దె మీద రంగులు" అని చూడనీకి రావట్టిరి. మా అత్తమ్మకు బుగులు పుట్టింది. "నరుని కంటికి నల్లరాళ్లు గూడ పగుల్తయి" అని, ఇంట్ల ఉన్న మందపాటి దుప్పటి తెచ్చి కంప్యూటర్ డబ్బా మీద నిండా కప్పింది. మా దిక్కు ఇండ్లల్ల టీవీ మీద గుడ్డ, ఫ్రిజ్ మీద గుడ్డ, మిక్సీకి కుట్టిన గుడ్డ మామూలే. కానీ ఆ డబ్బా నెత్తి మీదనే కదా వేడిగాలి బయటికి పోయే కంతలుండేది! అది ముక్కు మూసినట్టే. నేను అక్కడే కుర్చీల కూసున్న, చూసిన. దుప్పటి తియ్యమని నోటి దాక ఒచ్చింది.

"చాయ్ పెట్టు అత్తమ్మా" అన్న.

తర్వాత మంగళారం, నేను ల్యాబ్‌ల ఉంటే మా ఇంటామె ఫోను చేసింది. "చెల్లె ఏడుస్తుంది. ఆదివారం బిల్డరుకు వీడియో చూపియ్యాలె, నిన్నటి సంది మూడు సార్లు సగంల ఆగిపోయిందంట. ఇగ మూటాముల్లె సదురుకునుడే అంటుండంట ఆయన. జర పోయి చూడరాదు."

అబద్ధమెందుకు, మొదలు నాకు సంతోషమైంది. చంపాపేట్ దాక బండి మీద ఈల ఏసుకుంట పోయిన.

పై అర్రకు పోయేసరికి మా అత్తమ్మ దిష్టి తీస్తున్నది. సడ్డకుణ్ణి కంప్యూటర్ పక్కన కూసోబెట్టింది, మా మరదలు తలుపు కాడ ముక్కు తుడుచుకుంట నిలబడ్డది. అత్తమ్మ పిడికిట్ల ఉప్పు, ఎండు మిరపకాయలు. డబ్బాకు, మనిషికి కలిపి తిప్పుతున్నది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఎదురింటోళ్ల దిష్టి, తొవ్వల పోయేటోళ్ల దిష్టి, నా దిష్టి, నా చిన్నబిడ్డ దిష్టి, నా పెద్దబిడ్డ దిష్టి..." అని ఒక్కొక్కరిని చదువుకుంట, గడపల నిలబడ్డ నన్ను చూసి ఆగింది.

నా గుండె గూడ ఆగింది.

"నిన్ను చదువను కొడుకా. నీ కన్ను మా మీద ఎప్పుడన్న పడ్డదా? నీది సల్లని చెయ్యి. ఈ డబ్బా బతికితే నీ చేతులల్లనే బతకాలె, నా బిడ్డ నా కండ్ల ముందట ఉంటే నీ దయనే ఉండాలె" అని, తూ తూ తూ అని మూడు సార్లు ఉమిసి కిందికి పోయింది. జర సేపటికి వంటింట్లకెళ్లి కేక, "నిప్పుల ఏస్తె ఘాటే రాలె సూడుండ్రి! ఎంత దిష్టి తగిలిందో!" దిష్టి లేకపోతేనే మిరపకాయలు ఘాటొస్తయి, దిష్టి ఉంటే రావు. మా ఇంట్ల అందరికి తెల్సిన శాస్త్రమే.

దుప్పటి గుంజి అవతల పారేసిన. పక్క తలుపు ఇప్పి, ఆ బోడి జాగల ఏలు పెట్టిన. సుర్రుమన్నది. ఏలి మీద బొబ్బ లేచింది. సల్లని చెయ్యంట!

"రేపు బోర్డు మారుద్దాం తమ్మీ" అన్న. ఎందుకని అడుగుతడేమో, ఏం చెప్పాల్నో అని సోంచాయించుకుంటున్న. ఆయన అడగలేదు. "సరేనండీ" అన్నడు.

తెల్లారి అదే దుకాణం. నల్ల బోర్డు ఇంకా అదే అరల ఉన్నది. దుకాణమాయన దాన్ని తీస్కుంట, ఊకుంటడా, "నేను గప్పుడే అడిగిన గద సార్, గా ప్రాసెసర్‌కు గీ బోర్డా అని. మీరే చాలన్నరు" అన్నడు. తేలు కుట్టిన దొంగ లెక్క నిలబడ్డ. సడ్డకుడు జేబుల చెయ్యి పెట్టేలోపట నేనే కార్డు గీకి, డబ్బా సంకల పెట్టుకొని బయటికి నడిచిన.

మెట్రో పిల్లర్ పక్కన చాయ్ బండి ఉంటది. రెండు చాయ్‌లు చెప్పిన. ఇగ దాసుడు నాతోని కాలె.

"తమ్మీ, నేను తెల్సే చెప్పిన. ఆ బోర్డు నిలబడదని తెల్సు. దుప్పటి కప్పితే ఏమైతదో గూడ తెల్సు, చూసుకుంట కూసున్న. నీ మీద కుళ్లుతోని చేసిన."

ఆయన చాయ్ ఊదుకుంట గ్లాసులకే చూసిండు. "బోర్డు సంగతి నాకూ తెలుసన్నయ్యా. కొనకముందే చదివాను. మీరు కావాలని చెప్పారేమో అని ఒక అనుమానం. ఛ, అలా అనుకోకూడదులే అనుకున్నాను."

"తెల్సి మరెందుకు కొన్నవ్?"

"మరేం చేయమంటారు? ఆ ఇంట్లో ఏది కొన్నా మీరు చెప్పిందే కదండీ. మీ మాట కాదని నాకు నచ్చింది తెచ్చుకుంటే, చూశారా, గుంటూరోడు మన మాట వినడు అనుకోరూ? దుప్పటి కూడా అంతే. అత్తయ్య గారు కప్పారు, నేనెలా తీస్తాను?" గ్లాసు బండి మీద పెట్టిండు. ఆయన గొంతు పెద్దగ అయితుండగ నేనెప్పుడూ వినలేదు. "మూడేళ్లయింది. ఇప్పటిదాకా ఆ వంటింట్లోకి వెళ్లి నా కంచం నేను తెచ్చుకోలేదు తెలుసా? మీరు వస్తూనే చెప్పులు విడిచేసి, తిన్నగా వెళ్లి గిన్నెల మూతలు తీసి చూస్తారు. 'ఏం కూర అత్తమ్మా' అంటారు. మిమ్మల్ని చూస్తే నాకెంత కుళ్లో మీకేం తెలుసు!"

ఆయన 'గారు' చూసి నేను ఏడిస్తే, నా 'కొడుకా' చూసి ఆయన ఏడుస్తున్నడు. ఆయన నా కుర్చీ గుంజుకున్నడని నేను మండుతుంటే, ఆయన ఆ ఇంట్ల ఇంకా గడప కాడనే నిలబడి ఉన్నడు. సిగ్గయింది. చాయ్ సల్లారిపోయింది, అట్లనే తాగినం.

ఇంటికి పోయి బోర్డు మార్చినం. వేగం ఐదు పాయింట్ రెండు కాడ పెట్టబోతే "ఐదు చాలు తమ్మీ, వీడియో ఆగకుండ కావాలె గని అంకె ఎవనికి గావాలె" అన్న. ఆ మాట నా నోట్లకెళ్లి ఒచ్చిందంటె నాకే నవ్వొచ్చింది. మీట నొక్కుమని ఆయన నా దిక్కు చూస్తే, ఆయన ఏలు పట్టి నొక్కిపిచ్చిన. అప్పటిసంది ఒక్కసారి గూడ ఆగలె. శనివారం మధ్యాహ్నానికి వీడియో తయారైంది, ఆదివారం పొద్దుగాల బిల్డరు చూసిండు, రెండోసారి పెట్టుమని చూసిండు, పని ఇచ్చిండు.

ఆ దినం అందరం చంపాపేట్‌లనే తిన్నం. అత్తమ్మ కొత్త కంచం తీస్తుంటే నేను సడ్డకుణ్ణి ఈపు మీద తట్టి "పో, లోపలికి పోయి గిన్నె మూత తియ్యి" అన్న. ఆయన భయం భయంగ పోయి మూత తీసిండు. "ఏం కూరండీ?" అన్నడు. మా అత్తమ్మ పని తొందరల ఎన్కకు తిరగకుండనే, "ఉడకనియ్యి కొడుకా, గంతాగమేంది!" అన్నది.

నవ్విన. నవ్వుకుంటనే నాకు లోపల మళ్ల సుర్రుమన్నది. ఆ 'కొడుకా' నాది గదా! కుళ్లు పోతదని ఎవలన్నరు?

పొద్దుగూకంగ అత్తమ్మ ఉప్పు, మిరపకాయలు తెచ్చి అల్లుండ్లిద్దరిని కంప్యూటర్ పక్కన కూసోబెట్టింది. ఇరుగు దిష్టి అని మొదలు పెట్టేసరికి నేను చెయ్యి పట్టుకున్న.

"అత్తమ్మా, నా పేరు గూడ చదువు."

"పిచ్చోడా, నిన్నెందుకు చదువుత?"

"చదువు. నా మొహం చూసి చదువు."

ఆమె నవ్వుతలేదు అప్పుడు. జర సేపు నన్నే చూసింది, నా ఏలి మీది బొబ్బ చూసింది. సడ్డకుడు తల వంచుకున్నడు. "నా దిష్టి, నా బిడ్డల దిష్టి..." అని, గొంతు తగ్గిచ్చి, "పెద్దల్లుడి దిష్టి" అన్నది. మూడు సార్లు తిప్పి, పిడికిలి నా నెత్తికి ఆనిచ్చి కిందికి పోయింది.

ఈసారి మిరపకాయల ఘాటు మిద్దె దాక ఒచ్చింది. ఇంట్ల అందరు దగ్గిండ్రు. నేనే ముందు దగ్గిన.